వాళ్లను ఆ గదిలోనే ఉండనివ్వు

అమ్మలూ,

స్క్రిప్టు చదివాను. బాగుందో బాగోలేదో ఒక్క ముక్కలో తేల్చెయ్యి పెదనాన్నా అంటావు, నీ తొందర నాకు తెలుసు. తేల్చను. ఆ నాటికను నువ్వు పరిషత్తుల్లో ఆడిస్తున్నప్పుడు ముందు వరసలో కూర్చుని చూసినవాణ్ణి. దాన్ని సినిమా తీస్తానంటే నాకంటే సంతోషించేవాళ్లుండరు. కాబట్టే నాలుగు మాటలు చెప్పబుద్ధేసింది. నచ్చితే తీసుకో, లేదంటే చాదస్తం కింద జమకట్టుకో.

నాటికలో ఉన్నదల్లా ఒక గది. మొగుడూ పెళ్లామూ, రాత్రి భోజనానికి వచ్చిన ఆవిడ తమ్ముడూ. గంట తిరిగేసరికి ఆ కాపురం లోపల ఎంత పుచ్చిపోయిందో మనకు తెలిసిపోతుంది. స్క్రిప్టులోకి వచ్చేసరికి పదో పేజీకల్లా వాళ్లు వైజాగ్ బీచిలో ఉన్నారు. ఆ తర్వాత ఆయన ఆఫీసు, ఆవిడ పుట్టిల్లు, పెళ్లిచూపుల ఫ్లాష్‌బ్యాకు, షాపింగ్ మాల్లో ఓ గొడవ. నీ పెద్దమ్మకు బీచి సీను చదివి వినిపిస్తే, "ఆ మనిషి పెళ్లాన్ని బీచికి తీసుకెళ్లే బాపతేనా?" అంది. నేను చెప్పాల్సింది సగం అక్కడే అయిపోయింది.

ఎవరో నీ చెవిన వేసి ఉంటారు, నాటకంలా ఉండకూడదు, కాస్త బయటికి తీసుకురా అని. నాటకం అన్న మాట వినబడితేనే సినిమావాళ్లకు పుట్టే భయం అది. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'లో సురభి నాటక సమాజం వాళ్లు ఆడారు, పాడారు, అయినా ఆ భయం మాత్రం పోలేదు. గదిలో తీసినంత మాత్రాన సినిమా నాటకంలా అయిపోదమ్మా. ఒకడు మాట్లాడుతుంటే మిగతావాళ్లు తమ వంతు డైలాగు కోసం కాచుకుని నిలబడితే నాటకంలా ఉంటుంది. అలాంటి సీను నడిసముద్రంలో తీసినా అంతే.

ఇలాంటి కాపురాల్లో అసలు సంగతేమిటి? ఎవరూ లేచి వెళ్లిపోకపోవడం. అంత మాటా అన్నాక కూడా ఆవిడ మళ్లీ అన్నం వడ్డిస్తుంది, ఆయన మళ్లీ మజ్జిగ పోయమంటాడు. పరిషత్తు హాల్లో ప్రేక్షకుడు కూడా వాళ్లతో పాటు అక్కడే ఇరుక్కుపోయాడు, తెర పడేదాకా అతనికీ దిక్కు లేదు. అందుకే అంత ఊపిరాడలేదు. కెమెరా బీచికి వెళ్లిన మరుక్షణం చూసేవాడికి గాలి తగులుతుంది. 'హమ్మయ్య' అనుకుంటాడు. నువ్వు అనుకోనివ్వకూడనిది ఆ ఒక్క మాటే.

'హూ ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ వర్జీనియా వుల్ఫ్?' చూడమని ఎప్పుడో చెప్పాను. చూసినా, ఈసారి పెన్నూ కాగితమూ పెట్టుకుని మళ్లీ చూడు. ఎడ్వర్డ్ ఆల్బీ రాసిన ఆ నాటకం 1962 అక్టోబరులో బ్రాడ్‌వే మీదికి వచ్చింది. అమెరికాలో ఒక చిన్న కాలేజీ ఊరు. చరిత్ర పాఠాలు చెప్పుకునే జార్జి, ఆ కాలేజీ ప్రెసిడెంటు కూతురు మార్తా. పార్టీ నుంచి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర లెక్చరర్నీ అతని భార్యనూ మార్తా అప్పటికే ఇంటికి రమ్మని పిలిచేసింది. తెల్లవార్లూ తాగుతారు, ఒకళ్ల పరువు ఒకళ్లు తీసుకుంటారు, మధ్యలో ఆ కొత్త జంటనూ నంజుకుంటారు. మూడు అంకాలు, మూడు గంటలు దాటే నాటకం, ఒక్క హాలు. 1963లో నాటక విభాగంలో పులిట్జర్‌కు జ్యూరీ దీన్నే ఎంచితే, పైబోర్డు కాదని అసలు ఎవరికీ ఇవ్వలేదు. అంత ఘాటు అన్నమాట.

దాన్ని 1966లో వార్నర్ బ్రదర్స్ వాళ్లు సినిమా తీశారు. దర్శకుడు మైక్ నికోల్స్‌కు అదే మొదటి సినిమా, నీలాగే. అతనూ రంగస్థలం నుంచి వచ్చినవాడే. స్టూడియో రంగుల్లో తియ్యమంటే, కాదు, నలుపు తెలుపే అని పట్టుబట్టాడు. మార్తాకు నాటకంలో 52 ఏళ్లు. ఎలిజబెత్ టేలర్‌కు అప్పుడు 33. ఒళ్లు పెంచి, జుట్టు నెరిపించి, ముఖం మీద అలసట పులిమారు. రంగుల్లో అయితే ఆ మేకప్పు ఇట్టే పట్టుబడి ఉండేది. ఆ ఏడాది ఆస్కార్లకు ఆ సినిమాకు 13 నామినేషన్లు వచ్చాయి, అందులో నలుగురు నటులకూ నాలుగు. వచ్చిన అవార్డులు అయిదు. కెమెరామన్ హాస్కెల్ వెక్స్‌లర్‌కు కూడా వచ్చింది.

ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నువ్వు చూడాల్సింది తుపాకీ సీను. మార్తా అతిథుల ముందు మొగుణ్ణి దిగతీస్తూ, ఒకప్పుడు తాను అతణ్ణి బాక్సింగులో ఒక్క గుద్దుతో ఎలా పడగొట్టిందో చెబుతూ ఉంటుంది. నాటకంలో ఆ సమయానికి జార్జి లోపలికి వెళ్లిపోతాడు. మనం మార్తానే చూస్తూ ఉంటాం, అతను ఎప్పుడో వెనక నుంచి తుపాకీతో వస్తాడు, ఉలిక్కిపడతాం. సినిమాలో కెమెరా మార్తాను వదిలేసి జార్జి వెంట పోతుంది. సామాన్ల గదిలోకి వెళతాడు, తుపాకీ తీస్తాడు, వెనక్కి వస్తాడు. ఇంతసేపూ హాల్లోంచి ఆవిడ గొంతు, అతిథుల నవ్వులు అతని చెవిలో పడుతూనే ఉంటాయి. ఆ నవ్వులు వింటూ నడుస్తున్న మనిషిని మనం చూస్తాం. తీరా కాలిస్తే ఆ తుపాకీలోంచి వచ్చేది గొడుగు.

నాటకాన్ని విప్పడమంటే అదీ. గది దాటి ఊరి మీద పడలేదు. మాట ఒకచోట ఉంది, దెబ్బ తగులుతున్న మనిషి ఇంకోచోట ఉన్నాడు. రంగస్థలం మీద మనం అలా చెయ్యలేం, మాట్లాడేవాడి మీదే లైటు వెయ్యాలి. నీ నాటికలో ఆ సాంబారు సీను గుర్తు చేసుకో. ఆయన ఆవిడ చదువు గురించి తమ్ముడి ముందు జోకు వేస్తాడు, ఆవిడ చేతిలో స్టీలు గ్లాసు జారి పడుతుంది. ఆ గ్లాసు పడేలా చేసింది నేనే కదా, వెనక వరసవాళ్లకు ఏమీ కనపడటం లేదని. సినిమాలో ఆ గ్లాసు పడక్కర్లేదు. జోకు వినిపిస్తుండగా వంటింట్లో ఆవిడ అప్పటికే తుడిచేసిన గట్టును మళ్లీ తుడుస్తుంటే చాలు. స్క్రిప్టులో గ్లాసూ ఉంది, మీద మ్యూజిక్కూ ఉంది, పైగా స్లోమోషనూ ఉంది. మూడూ తీసెయ్యి.

అదే సినిమాలో నాకు నచ్చనిదీ చెబుతాను. మధ్యలో నలుగురూ కారెక్కి ఊరి బయట హోటలుకు వెళతారు, అక్కడ డాన్సు. నాటకంలో ఆ డాన్సు హాల్లోనే జరుగుతుంది. హోటలుకు తీసుకెళ్లడం నాటకంలా ఉండకూడదన్న భయం చేయించిన పనేనని నా అనుమానం. అక్కడికి వెళ్లేసరికి పట్టు సడలుతుంది. అలాగని అన్ని బయటి సీన్లూ దండగ అనను. పెరట్లో చెట్టు కింద ఉయ్యాల దగ్గర జార్జీ ఆ కుర్రాడూ మాట్లాడుకునే చోటు చూడు. బయట ఉన్నా ఇంటి దీపం కనబడుతూనే ఉంటుంది. అంత దూరం వెళ్లొచ్చు. నీ వాళ్లను మేడ మీదికి పంపు, వరండాలోకి పంపు, మెట్ల కింద చెప్పుల స్టాండు దగ్గర నిలబెట్టు.

ఇంకోటి. మార్తా జార్జిలకు ఒక కొడుకు ఉన్నాడని నాటకమంతా మాటలు నడుస్తాయి. చివరికి తెలుస్తుంది, ఆ కొడుకు లేడు, ఇద్దరూ కలిసి అల్లుకున్న ఊహ అని. స్క్రీన్‌ప్లే రాసిన ఎర్నెస్ట్ లేమన్ మొదటి డ్రాఫ్టులో ఆ కొడుకును నిజంగానే పుట్టి చనిపోయిన పిల్లాణ్ణి చేశాడు. నికోల్స్ ఒప్పుకోలేదు, పాతదే ఉంచారు. లేమన్ తక్కువవాడేం కాదు, హిచ్‌కాక్‌కు 'నార్త్ బై నార్త్‌వెస్ట్' రాసినవాడు. అంతటివాడికే కారణం చూపించాలన్న యావ పుట్టింది. ఒక బిడ్డ చచ్చిపోయి ఉంటే ఈ పోట్లాటలకు అర్థం చిక్కుతుంది కదా అని. చిక్కేస్తే ఇక చూడ్డానికేముంది? నీ పెళ్లిచూపుల ఫ్లాష్‌బ్యాకు చేస్తున్నదీ అదే పని. చిన్నప్పుడు తండ్రి కొట్టేవాడు కాబట్టి ఆయన ఇలా తయారయ్యాడట! నాటికలో ఆ ముక్క లేదు, నాకు లోటూ అనిపించలేదు.

అయితే వెనకటి కథ చూపించడమే పనికిరాదా అంటే, పనికొచ్చిన సినిమా ఒకటుంది. పాట్రిక్ హామిల్టన్ 'గ్యాస్ లైట్' 1938 నాటి లండన్ నాటకం. తెర లేచేసరికే మొగుడు భార్యకు మతి చలిస్తోందని ఆవిడ చేతే నమ్మించే పనిలో ఉంటాడు. 1944లో జార్జ్ కుకర్ తీసిన సినిమా చాలా వెనక నుంచి మొదలవుతుంది. ఇటలీలో పాట నేర్చుకుంటున్న పిల్ల, పరిచయమైన కొద్ది రోజులకే పెళ్లి, ఆ పిల్ల మేనత్త హత్యకు గురైన లండన్ ఇంట్లోనే కాపురం. ఒకరోజు ఆయన ఆవిడకొక బ్రోచ్ ఇచ్చి, నువ్వు వస్తువులు పోగొట్టుకుంటావులే అంటూ ఆవిడ హ్యాండ్‌బ్యాగులో తన చేత్తోనే పెడతాడు. తర్వాత చూస్తే అది ఉండదు. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ఆ బ్యాగు వెతుక్కునేటప్పుడు ముఖం చూడు. వల అల్లుతుండగా మనం పక్కన నిలబడి చూస్తున్నాం అక్కడ. ఆయన ఎందుకిలా అయ్యాడన్నది కాదు, ఆవిడ ఎలా లొంగిందన్నది. నీ ఫ్లాష్‌బ్యాకు ఆ పని చేస్తానంటే ఉంచు.

పనిలో పని, నీ కథానాయిక ఎందుకు వెళ్లిపోదు అన్న ప్రశ్న తప్పక వస్తుంది. 2005 నాటి గృహహింస చట్టం ఉందిగా, ఫోన్ చెయ్యొచ్చుగా అంటారు కుర్రాళ్లు. దానికి నువ్వు రెండు పేజీల ఉపన్యాసం రాసి ఆవిడ నోట్లో పెట్టావు. వద్దు. ఆవిడ ఏటీఎం కార్డు ఆయన పర్సులో ఉందనుకో. కిరాణా బిల్లుకు కార్డు కావాలని ఆవిడ అడుగుతుంది, ఆయన టీవీలోంచి తల తిప్పకుండా, "ఎంతైంది?" అంటాడు. ఆవిడ జీతం ఆవిడదే, అడుక్కునేదీ ఆవిడే. ఉపన్యాసం మొత్తం అందులో వచ్చేసింది.

మొగుణ్ణి మొదటి ఫ్రేములోనే రాక్షసుణ్ణి చేశావు. రంగస్థలం మీద ఆయన జోకులకు జనం నవ్వేవాళ్లు, మరిచిపోయావా? నేనూ నవ్వాను. పదిహేను నిమిషాలు పోయాక ఆ నవ్వినందుకు సిగ్గేసేది. తమ్ముడి పాత్ర ఉన్నది అందుకే. బావ జోకుకు అక్క ముందే నవ్వేవాడు వాడు, అంటే మనమే. మార్తా ఇంట్లో ఆ కొత్త జంట కూర్చున్నదీ అందుకే. స్క్రిప్టులో తమ్ముడు మొదటి నుంచీ పళ్లు కొరుకుతూ ఉన్నాడు, క్లైమాక్సులో బావ కాలర్ పట్టుకుంటున్నాడు. ప్రేక్షకుడికి చేతులు దులుపుకునే వీలిచ్చేశావు. వాణ్ణి మళ్లీ నవ్వించు.

పెద్ద హీరో ఎవరో ఒప్పుకునేలా ఉన్నాడన్నావు. సంతోషమే, డబ్బులు పుడతాయి. జాగ్రత్త కూడా. 1955లో పి. పుల్లయ్య గారు 'కన్యాశుల్కం' తీసినప్పుడు గిరీశం ఎన్టీ రామారావు గారు, మధురవాణి సావిత్రి గారు. ఇద్దరూ బాగా చేశారు. కానీ రామారావు గారి ముఖం తెర మీదికి రాగానే గిరీశం మీద రావలసిన చిరాకు సగం దిగిపోతుందని నాకెప్పుడూ అనిపిస్తుంది. నీ హీరో గారు కూడా రెండో సిట్టింగులో, నా పాత్రకు కాస్త మంచితనం పెట్టండి అంటారు. సరసం పెట్టు, తెలివి పెట్టు, మంచి గొంతు పెట్టు. మంచితనం మాత్రం పెట్టకు.

ముగింపు విషయంలో నీ మీద ఒత్తిడి రెండు వైపుల నుంచీ ఉంటుంది. ఒకళ్లు కలిపెయ్యమంటారు, ఇంకొకళ్లు ఆవిడ చేత ఆయన్ని చంపించమంటారు. టెన్నెసీ విలియమ్స్ 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్'కు ఇలాంటి గతే పట్టింది. 1947 నాటకంలో స్టెల్లా తన అక్కకు అంత ద్రోహం చేసిన మొగుడి దగ్గరే ఉండిపోతుంది. 1951లో ఎలియా కజాన్ సినిమా తీసేసరికి, అటువంటివాడికి శిక్ష పడి తీరాలని హాలీవుడ్ నీతి నియమావళి వాళ్లు పట్టుబట్టారు. దాంతో స్టెల్లా ఇక తిరిగి రానంటూ బిడ్డతో పైవాటాకు పరిగెడుతుంది. కానీ ఎక్కింది ఏ మెట్లు? సినిమా మధ్యలో ఒక రాత్రి మొగుడు కొడితే పైకి పారిపోయి, వాడు కింద నుంచి అరిచి పిలవగానే దిగివచ్చిన మెట్లే. కజాన్ సెన్సారుకు కావలసింది ఇచ్చాడు, తెలివైన ప్రేక్షకుడికి అనుమానం మిగిల్చాడు. నిన్ను కూడా ఎవరైనా ముగింపు మార్చమని మెడ మీద కూర్చుంటే, ఆ మెట్లు గుర్తు తెచ్చుకో. ఆ సినిమాలో కజాన్ ఇంకో పని చేశాడు. కథ ముందుకు పోయేకొద్దీ సెట్టు గోడలను దగ్గరికి జరిపిస్తూ వచ్చాడు. బయటికి తీసుకురా అంటున్న నీ కెమెరామన్‌కు ఈ సంగతి చెప్పు.

మన జనం చేదు చూడరు అంటే నమ్మకు. కాళ్లకూరి నారాయణరావు గారి 'వరవిక్రయం' నాటకాన్ని సి. పుల్లయ్య గారు 1939లోనే సినిమా తీశారు. అందులో కట్నం పెళ్లికి తల వంచకుండా ప్రాణం తీసుకునే కాళింది భానుమతి గారు, ఆమెకదే తొలి సినిమా.

ఇక పని మాటలు. రిహార్సల్స్ మానకు. సినిమాకు రిహార్సలేమిటని నవ్వుతారు, నవ్వనీ. నికోల్స్ కూడా కెమెరా పెట్టేముందు నటుల్ని కూర్చోబెట్టి రిహార్సల్స్ వేయించాడు. కాకపోతే పరిషత్తు గొంతు మరిపించు, మనవాళ్లు వెనక వరస కోసం అరిచి అరిచి అలవాటుపడ్డారు. సింక్ సౌండు పెట్టుకో, ఖర్చయినా సరే. పోట్లాటలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఒకళ్ల మాట ఒకళ్లు మింగేస్తారు, మధ్యలో ఊపిరి ఎగబీలుస్తారు. ఆర్నెల్ల తర్వాత డబ్బింగ్ థియేటర్లో ఒక్కొక్కళ్లను విడివిడిగా నిలబెడితే ఆ ఊపిరి రాదు. కథానాయిక వేసే అమ్మాయితో కష్టమైన సీన్లు వరసగా ఒకే కాల్షీటులో పెట్టకు. రోజంతా తిట్లు తిన్నాక ప్యాకప్ చెప్పి ఊరుకోకు, ఎదుటి నటుణ్ణీ ఆమెనూ కలిపి కూర్చోబెట్టి టీ తాగించి, నవ్వాక పంపు.

చివరిది, అసలు ముందు చెయ్యాల్సింది. నాటిక రాసిన రచయిత గారు, "నీకెందుకమ్మా, తీసుకో" అన్నారని ఊరుకున్నావట. నోటిమాట చాలదు. నాటకాన్ని సినిమా చేసుకునే హక్కు ఆయనది, ఆయన పోయాక 60 ఏళ్ల దాకా ఆయన వారసులది. ఆ హక్కు రాతపూర్వకంగానే చేతులు మారాలి. ఎంతకాలానికో రాసుకోకపోతే చట్టం అయిదేళ్లుగా లెక్కిస్తుంది, ఏ ఏ ప్రాంతాలకో రాసుకోకపోతే మన దేశం వరకే అంటుంది. రేపు అమెరికాలో మనవాళ్లకు వెయ్యాలన్నా, ఓటీటీకి ఇవ్వాలన్నా అక్కడే ఆగిపోతావు. ఆయనకు ఎంత ఇస్తావో అంకె వేసి, లాయరు చేత రాయించి సంతకం పెట్టించు. పెద్దాయన డబ్బు అడగడు, మొహమాటస్తుడు. అడగలేదు కదా అని తగ్గించకు.

రెండో డ్రాఫ్టు ప్రింటు తీసి పంపు, ఫోన్లో నాకు అక్షరాలు ఆనవు. బీచి మాత్రం ఉండకూడదు.

పెదనాన్న